మాఘి పండుగనాటి బేరము



మకర సంక్రాంతినాడు మన ముంగిళ్లలో ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు కొలువుదీరియుండ, గంగిరెద్దువాని సన్నాయి వీధి మొదటినుండి వినవచ్చుచుండ, అదే దినమున హిమాలయముల పాదమందలి నేపాళ దేశమున, దాని పడమటి కొనయందున్న దాంగ్, బాంకే, బర్దియా, కైలాలీ, కంచన్‌పూర్ అను జిల్లాలలో, థారులను జనులు తమ సంవత్సరాదిని జరుపుకొందురు. వారు దానిని మాఘి యందురు. వేకువనే నదీస్నానము, పెద్దల పాదములకు మ్రొక్కు, బియ్యపుపిండిని ఆవిరిపై నుడికించి చేసిన ఢిక్రీలు, పందిమాంసము, మద్దెల మ్రోత, తెల్లవార్లును ఆటపాటలు, ఇన్నియు గల పండుగ అది. ఆ దినముననే ఊరివారెల్ల ఒకచోట కూడి రాబోవు ఏటికి గ్రామపెద్దను ఎన్నుకొందురు. బాకీల లెక్కలు చూచుకొందురు. పాలేరు యజమానిని మార్చుకొనవలెనన్నను ఆ దినమునకే కాచుకొని యుండవలెను. మన పల్లెలలో పలుచోట్ల జీతగాని ఏడు ఉగాదితో మొదలైనట్లు అచ్చట మాఘితో మొదలగును. ఇటీవలి కాలమువరకు ఆ దినముననే మఱియొక బేరము కూడ జరుగుచుండెడిది. ఆరేండ్లదో, ఎనిమిదేండ్లదో, పదేండ్లదో అగు కూతురిని ఒక యేటికి పరాయి యింటి పనికి ఒప్పగించి, తండ్రి ఒంటరిగా ఇల్లు చేరెడివాడు. అట్లు ఒప్పగింపబడిన పిల్లకు కమలరి యని పేరు.

నేపాళమనగానే మనకు పశుపతినాథుడు తలపునకు వచ్చును, ఎవరెస్టు శిఖరము వచ్చును, నడిరేయి మన వీధులలో ఈల యూదుచు తిరుగు గూర్ఖా వచ్చును. కమలరి రాదు. మూడు కోట్లకు కొంచెము తక్కువ జనాభా గల ఆ చిన్న దేశమున బాలల చాకిరిని గూర్చి మాటలాడుమని నన్నడిగినపుడు, ఇటుకబట్టీలను గూర్చియు, తివాచీ మగ్గములను గూర్చియు చెప్పవలసినది చాలనున్నను, నేను ఈ కమలరి కథతోనే మొదలుపెట్టితిని. కారణమేమన, పిల్లలను పనికి పంపు పాపమును తల్లిదండ్రుల అజ్ఞానమునకో, యజమానుల కాఠిన్యమునకో అంటగట్టి చేతులు దులుపుకొనువారికి ఈ కథలో అంత సులభమైన సమాధానము దొరకదు.

థారులు తరాయి యడవుల బిడ్డలు. నేపాళ దక్షిణ సరిహద్దు పొడవున సాగిన ఆ పల్లపు నేల, చిత్తడితోను దట్టమైన అరణ్యముతోను నిండి, దోమలకు ఆలవాలమై, ఔలో యని వారు పిలుచు చలిజ్వరమునకు పుట్టినిల్లుగా నుండెడిది. కొండవాసులు వేసవిలో అచ్చట ఒక్క రాత్రి నిద్రించుటకు జంకెడివారు. థారులకు మాత్రము ఆ జ్వరమును తట్టుకొను శక్తి తరతరములుగ రక్తమునందే యిమిడియున్నదని పిమ్మట వైద్యశాస్త్రజ్ఞులు కనుగొనిరి. అనగా ఆ నేలకు కాగితము లేని కాలమున, పట్టా లేని కాలమున, దోమయే వారికి కోట, దోమయే వారికి కావలి. 1950వ దశకమున అమెరికా సాయముతో డీడీటీ చల్లుట మొదలైనది, జ్వరము తగ్గినది, అడవి చదునైనది. మేలే. మలేరియా పోవుటకు వగచువాడెవ్వడు? కాని జ్వరముతో పాటు కోటయు కూలినది. కొండలనుండి దిగివచ్చినవారు చదువుకొన్నవారు, కచేరీ మర్యాదలు తెలిసినవారు, దరఖాస్తు ఎచ్చట నిచ్చిన పని జరుగునో ఎఱిగినవారు. థారుకు నేలను దున్నుట తెలియునుగాని తన పేర వ్రాయించుకొనుట తెలియదు. కొలతలు, పట్టాలు, 1964వ సంవత్సరపు భూసంస్కరణ చట్టము, ఇవన్నియు వచ్చి, దున్నువానిని తన పొలముననే కూలివానిగ మార్చినవి.

అట్టివానిని కమైయా యనిరి. థారు భాషలో ఆ మాటకు మొదట కష్టపడి పనిచేయువాడనియే యర్థమట. మంచి మాటలు చెడిపోవుటకు ఎక్కువ కాలము పట్టదు. పంటలో కొంత పాలు, ఏడాదికింత ధాన్యము కూలిగా నేర్పడును. పెండ్లికో, రోగమునకో, కఱవు నెలలో గంజికో యజమానివద్ద తీసికొన్న మొత్తము సౌంకి యను పేర ఖాతాకెక్కును. సౌంకి తీరదు. తండ్రి పోయిన కొడుకు మీద పడును. యజమానిని మార్చుకొనదలచినచో క్రొత్త యజమాని పాత బాకీ చెల్లించి మనిషిని తీసికొనిపోవును. దానిని అప్పు బదిలీ యందురుగాని, సంతలో ఎద్దును తోలుకొనిపోవుటకును దానికిని గల భేదము నాకు కనబడుట లేదు. ఇట్టి కమైయాకు కూతురు పుట్టిన, కొంచెము నడక వచ్చినంతనే యజమాని యింట పిల్లనెత్తుకొనుటకు, పేడకళ్లు తీయుటకు, అంట్లు తోముటకు పోవలెను. ఇదియే కమలరికి మూలము. ఆమె ఊరిలోని భూస్వామి యింట మొదలై, పిమ్మట ఆ భూస్వామి బంధువులవెంట నేపాల్‌గంజ్, కాఠ్మండు వంటి పట్టణములలోని ఉద్యోగుల యిండ్లకును వ్యాపారుల యిండ్లకును చేరినది.

ఇచ్చట ఒక పాత ముచ్చట చెప్పవలసియున్నది. నేపాళ ప్రధాని జంగ్ బహదూర్ రాణా 1854లో చేసిన ములుకీ ఐన్ అను ధర్మశాసనము కులములను వరుసకట్టి, ఎవరిని బానిసలుగ చేయవచ్చునో ఎవరిని చేయరాదో కూడ నిర్ణయించినది. చేయదగినవారి పట్టీలో థారులున్నారు. అనంతరము అదే పదవినందుకొన్న చంద్ర శంషేర్ మహారాజు 1924లో బానిసత్వమును తొలగింపవలెనని సుదీర్ఘమైన యుపన్యాసము చేసి, ఖజానానుండి యజమానులకు పరిహారమిచ్చి, యాబది వేలకు పైబడిన బానిసలను విడిపించెను. విడుదలైనవారిలో కొందఱికి అడవిలో ఒక తావు చూపి ఆ యూరికి అమ్లేఖ్‌గంజ్ అని పేరుపెట్టిరి. విముక్తుల పేట యని చెప్పుకొనవచ్చును. పరిహారము యజమానికి, పేరు ఊరికి. విముక్తునకు దక్కినది అడవి.

డెబ్బదియైదేండ్ల పిమ్మట అదే కథ రెండవమారు జరిగినది. 2000వ సంవత్సరము మే నెలలో కైలాలీ జిల్లాలో కొందఱు కమైయాలు సాహసించి తమ యజమానిమీద ఫిర్యాదు వ్రాసియిచ్చిరి. ఉద్యమము జిల్లాలన్నిటికి ప్రాకినది. జులై 17వ తేదీన ప్రభుత్వము కమైయా పద్ధతి రద్దైనదనియు, సౌంకి బాకీలు చెల్లవనియు ప్రకటించినది. శుభమే. ఐతే అది శ్రావణము. కోపగించిన యజమానులు వెళ్లగొట్టగా, స్వేచ్ఛను పొందిన కుటుంబములు వేలకొలది బాటల ప్రక్కను, అడవి యంచులను ప్లాస్టిక్ పట్టాల క్రింద వానలో తడియుచు కూర్చున్నవి. ఇచ్చెదమన్న భూమి కొందఱికి కొన్నాళ్లకు, మఱి కొందఱికి ఏండ్లకు అందినది; కుటుంబమునకు ఐదు కట్ఠాలకు మించదు. మన లెక్కలో అది సుమారు 42 సెంట్లు. అందును కొంత ఏటి యొడ్డున, వరద వచ్చిన కొట్టుకొనిపోవు ఇసుక నేల.

నలువది రెండు సెంట్లతో ఏడాది పొడవున ఏ కుటుంబము తినగలదు? కావున విడుదలైన తండ్రి మరల భూస్వామి గుమ్మమునకే పోయి కౌలుకో పాలికో పొలమడిగెను. ఇత్తును, అయితే నీ కూతురిని మా యింటికి పంపుము, అని ఆయన యనెను. తండ్రి బాకీ చట్టము రద్దుచేసినది. కూతురు ఆ బాకీకి బదులుగ వాయిదా సొమ్మైనది. చట్టము పురుషుని విడిపించి పిల్లను మఱచినదని కొందఱందురు. నేనింకొక మాట యందును: పిల్ల చట్టమునకు కనబడునంతటి స్థానమున ఎన్నడును లేదు. కమైయా పొలమున నుండును, పదిమందికి కనబడును. కమలరి వంటయింట నుండును.

బేరమెంతకు? ఏటికి నాలుగైదు వేల నేపాళ రూపాయలు, అనగా మన రూకలలో రెండున్నర, మూడు వేలు. పెక్కుసారులు అదియు లేదు. తిండి, బట్ట, పైగా బడికి పంపుదుమను వాగ్దానము. ఊర్మిళా చౌధరి యను థారు బాలిక ఆరేండ్ల వయసున కమలరిగ పోయి పదునొకండేండ్లు పరుల యిండ్లలో గడిపి, 2007లో బయటపడిన పిమ్మట తన కథను చెప్పగా అది జర్మన్ భాషలో పుస్తకముగ వెలువడినది. ఆమెనుకూడ బడి యాశ చూపియే తీసికొనిపోయిరి.

ఇంత తక్కువ ధర గల బేరమును అంతే తక్కువ ధరతో ఆపవచ్చునని కనుగొన్నది ఓల్గా మర్రే అను అమెరికా దేశపు వృద్ధ న్యాయవాది. నేపాళము చేరి, బాలలకొఱకు ఒక సంస్థను నెలకొల్పిన ఆమె, 2000వ సంవత్సరమున దాంగ్ జిల్లాలో ఈ పద్ధతిని చూచి, థారు కుటుంబములతో ఇట్లు ఒప్పందము చేసికొనెను: మీరు బిడ్డను పంపకుడు, మేము మీకొక పందిపిల్లనో మేకపిల్లనో యిత్తుము, ఏడాది పెంచి యమ్మిన కమలరి జీతమంత వచ్చును, బిడ్డ చదువు ఖర్చు మాది, రాత్రి చదువుకొనుటకు నెలకు రెండు లీటర్ల కిరసనాయిలు మాది. ఆ పందిపిల్లల బలముతో పన్నెండు వేలకు పైగా బాలికలు ఇల్లు చేరిరి. వినుటకు వింతగానున్నది గదా! ఒక బిడ్డ బాల్యమునకును ఒక పందిపిల్లకును తూకము సరిపోయిన లోకమున ఎవరిని నిందింపవలెనో తోచక, ఆ వృద్ధురాలు నిందను ప్రక్కన బెట్టి పందిపిల్లను కొనినది. ఆమె 2024లో, తొంబది యెనిమిదవ యేట, కన్నుమూసినది.

కమలరిని పెట్టుకొన్నవారిలో పెక్కుమంది తమను క్రూరులనుకొనలేదు. మా యింటి పిల్లవలెనే చూచుకొనుచున్నాము, అక్కడ ఆకలితో మాడుటకంటె ఇచ్చట రెండు పూటల తినుచున్నది, అని వారి మాట. ఈ వాక్యము మన చెవులకు క్రొత్తది కాదని శ్రోతలలో గృహిణులు, గృహస్థులు ఒప్పుకొందురు. ఇంటి పిల్ల తెల్లవారి బడికి పోవును. ఇంటి పిల్లవంటిది ఆమె టిఫిను డబ్బా పట్టుకొని వెంట పోయి, తిరిగివచ్చి అంట్లు తోమును. ఇంటి పిల్లకు జ్వరము వచ్చిన వైద్యుడు వచ్చును. ఇంటి పిల్లవంటిదానికి వచ్చిన మాత్ర వచ్చును. మన దేశమున పదునాలుగేండ్ల లోపువారిని ఇండ్లలోను హోటళ్లలోను పనికి పెట్టుకొనరాదని 2006వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీనుండి నిషేధము వచ్చినది. నేపాళ సర్వోన్నత న్యాయస్థానము కమలరి పద్ధతి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినదియు ఆ 2006లోనే. సరిహద్దుకు ఇరువైపుల ఒకే యేట ఒకే మాట చెప్పబడినది. ఇరువైపుల వంటయిండ్ల తలుపులు మూసియే యున్నవి.

ఆ తలుపు ఒక మరణముతో తెఱచుకొన్నది. 2013 మార్చి నెలలో, కాఠ్మండును ఆనుకొనియున్న లలిత్‌పూర్‌లో, పనికి పెట్టుకొన్న యింట పన్నెండేండ్ల కమలరి యొకతె కాలిన గాయములతో మరణించినది. ఆత్మహత్య యనిరి. ఆ మాట నమ్మక, అంతకుముందు చెఱనుండి బయటపడిన కమలరులు, పదునారు, పదునెనిమిదేండ్ల పిల్లలు, జిల్లాలనుండి రాజధానికి వచ్చి వీధులలో బైఠాయించిరి, లాఠీదెబ్బలు తినిరి, వెనుదిరుగలేదు. జూన్‌లో ప్రభుత్వము వారితో ఒడంబడికకు వచ్చి, 27వ తేదీన కమలరి పద్ధతి రద్దైనదని ప్రకటించినది. తండ్రుల విడుదలకును కూతుళ్ల విడుదలకును నడుమ పదమూడేండ్లు గడిచినవి. ఆ పదమూడేండ్లలో ఆరేండ్ల పిల్ల పందొమ్మిదేండ్ల పడుచైనది.

కమలరులలో ఒకతె శాంతా చౌధరి. ఎనిమిదవ యేట కమలరియై, పదునెనిమిదేండ్లు ఆ చాకిరిలోనే గడిపి, పెద్దదైన పిమ్మట అక్షరములు దిద్దుకొని, భూమిలేనివారి పక్షమున నిలిచి పోరాడి, 2008లో నేపాళ రాజ్యాంగ సభలో సభ్యురాలై కూర్చున్నది. అచ్చట ప్రకృతి వనరుల సంఘమునకు అధ్యక్షురాలైనది. భూమి, నీరు, అడవి, ఏవి పోవుటచే తన వంశము దాస్యమున పడినదో ఆ మూటిని గూర్చియే ఆమె అధ్యక్షపీఠమునుండి విచారించినది. కమలరినుండి సభ్యురాలివరకు తన నడకను ఆమె గ్రంథముగ వ్రాసినది. ఇట్టి యుదాహరణములు చెప్పి, చూచితిరా, పట్టుదల యున్న ఎంతటివారైనను పైకి రావచ్చును అని ముగించు వాడుక ప్రసంగములలో కలదు. నేనట్లనను. వేలకొలది కమలరులలో ఒక్కతె సభకు పోయినది.

కాలము మించుచున్నది గనుక తక్కిన వానిని త్వరితముగ చెప్పెదను. చలికాలమున కాఠ్మండు లోయలో, భక్తపూర్, లలిత్‌పూర్ పొలములలో ఇటుకబట్టీల పొగగొట్టములు లేచును. రోల్పా, సల్యాన్ వంటి కొండ జిల్లాలనుండియు తరాయినుండియు కుటుంబములు దిగివచ్చి, తాత్కాలికముగ పేర్చిన ఇటుకల గుడిసెలలో ఆరు నెలలుందురు. నాయికే యను మేస్త్రీ దసరా పండుగ ముందు పేష్కీ, అనగా ముందుసొమ్ము, ఇచ్చి వారిని కట్టివేయును. కూలి ఇటుకల లెక్కన గనుక చిన్నచేతులు కూడ పచ్చి ఇటుకలను త్రిప్పవలెను, ఆరబెట్టవలెను, మోయవలెను. ఒడిశానుండి మన తెలంగాణ బట్టీలకు వచ్చు కుటుంబముల స్థితి ఎఱిగినవారికి వేఱుగ వర్ణింపనక్కరలేదు. అందఱు గమనింపని చిక్కు ఒకటున్నది: అచ్చట బడియేడు వైశాఖముతో మొదలై చైత్రముతో ముగియును, బట్టీకాలము మార్గశిరమునుండి వైశాఖమువరకు నుండును. ఏడాది చివరి పరీక్షలు బట్టీ పొగలోనే గడిచిపోవును. పిల్లవాడు బడి మానలేదు. ప్రతి యేడును సగము చదివి మరల అదే తరగతిలో కూర్చుండును, ఒకనాటికి సిగ్గుపడి మానును.

తివాచీల సంగతి మఱియొక విధము. టిబెట్టునుండి శరణార్థులై వచ్చినవారి చేతిపని నేపాళమున గొప్ప పరిశ్రమయై, జర్మనీ దేశమున దివాణములనలంకరించుచుండగా, 1994లో అచ్చటి టెలివిజనులో మగ్గముల ముందు పిల్లలను చూపిరి. కొనువారి మనస్సు చివుక్కుమన్నది, ఎగుమతులు పడిపోయినవి. ఆ దశకముననే, మన కైలాస్ సత్యార్థి చొరవతో భారతదేశమున పుట్టిన, బాలల చేతిపని లేని తివాచీయని తెలుపు రగ్‌మార్క్ గుర్తు నేపాళమునకును పోయినది. ఇప్పుడు దాని పేరు గుడ్‌వీవ్. చిన్నవ్రేళ్లు సన్నని ముడులు బాగుగ వేయునను మాట ఆ వర్తకులు చాలకాలము చెప్పిరి. పరీక్షించి చూడగా పెద్దల వ్రేళ్లు అంతకంటె బాగుగ వేయుచున్నవని తేలినది. చిన్నవ్రేళ్ల నేర్పు కూలి తక్కువగుటలోనే యున్నది.

చట్టములకు కొదువ లేదు. బాలల హక్కుల ఒడంబడికను నేపాళము 1990లోనే ఆమోదించినది. బాలల చట్టము 1992లో, బాలకార్మిక నిషేధ చట్టము 2000లో వచ్చినవి. 2015 రాజ్యాంగము 39వ అధికరణమున బాలుని హక్కులను విడిగ వ్రాసినది; 2018 చట్టము పదునెనిమిదేండ్ల లోపువారందఱిని బాలులనినది. ప్రభుత్వ గణాంక శాఖ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఐదునుండి పదునేడేండ్ల వయసు వారిలో 11 లక్షలమంది బాలకార్మికులు. 2008లో 16 లక్షలుండిరి. తగ్గినదనుట సత్యము. ఐనను ఆ నివేదిక ప్రకారము కర్ణాలీ రాష్ట్రమున ఇంచుమించు నలుగురు పిల్లలలో ఒకరు బాలకార్మికులే. వారిలో అత్యధికులు పొలములలో, పశువుల వెంట, సొంత యింటివారి కనుసన్నలలో నున్నారు. తనిఖీదారు కార్ఖానా గుమ్మము తట్టగలడుగాని, కొండచరియమీద మేకలవెంట పోవు పిల్లవానిని ఏ రిజిస్టరులో వెదకును?

హక్కు అనుమాట పెద్దది. పిల్లవానికి దానితో నేమి పని యని అడుగు పెద్దమనుషులను నేనెఱుగుదును. వారు చెడ్డవారు కారు, తమ చిన్ననాట పాలేరు పిల్లవానితో గోలీలాడిన జ్ఞాపకము గలవారు. ఆ పిల్లవాడు ఇప్పుడెచ్చట నున్నాడని నేనడిగిన వారికి తెలియదు.

దాంగ్ జిల్లాకు తిరిగివచ్చి విరమించెదను. విడుదలైన కమలరులు ఇటీవల ఊరూర కూడి, తలకు కొంత వేసికొని, పొదుపు సహకార సంఘములు పెట్టుకొన్నారు. ఒకప్పుడు అంట్లు తోమిన చేతులే ఇప్పుడు వాని లెక్కలు వ్రాయుచున్నవి. పంటకో, రోగమునకో, పెండ్లికో అప్పు కావలసిన థారు రైతు మాఘినాడు ఆ సంఘమునకు పోవుచున్నాడు. అచ్చట వడ్డీ అడుగుదురు, పూచీ అడుగుదురు. కూతురిని అడుగరు.